ఉప్పు చెప్పిన లెక్క

ఆంధ్రప్రదేశ్‌లో మైలవరం పేరుతో రెండు మండలాలున్నాయి. ఒకటి ఎన్టీఆర్ జిల్లాలో, మామిడి తోటల నడుమ, బుడమేరు పుట్టే కొండల పక్కన ఉంది. మరొకటి కడప జిల్లాలో, పెన్నా మీద జలాశయం ఉన్న మైలవరం. నందిగామ సంగతీ ఇంతే. అదే ఎన్టీఆర్ జిల్లాలోని మన నందిగామ కాక తెలంగాణలోని రంగారెడ్డి జిల్లాలో ఇంకొకటి ఉంది; శ్రీకాకుళం జిల్లాలో ఒక్క అక్షరం తేడాతో నందిగాం ఉంది. ఊళ్లో మనిషికి దీనివల్ల ఏ చిక్కూ లేదు. బస్సెక్కేటప్పుడు ఏ మైలవరమో అతనికి తెలుసు. రెండు శాఖల జాబితాలను ఊరి పేరు పట్టుకుని ఒకటిగా కలిపే ఉద్యోగికి మాత్రం ఇది పెద్ద గొయ్యి. ఒక మైలవరం రైతుకు రావలసిన సాయం ఇంకో మైలవరం ఖాతాలో తేలుతుంది. తప్పు చేసినట్టు కంప్యూటర్ చెప్పదు. దాని దృష్టిలో అక్షరాలు సరిపోయాయి, అంతే. జనగణన శాఖ 2011లో ప్రతి గ్రామానికీ ఆరంకెల సంకేత సంఖ్య ఇచ్చింది ఇందుకే. జాబితాలు కలపాలంటే సంఖ్యను పట్టుకుని కలపాలి. పేరు మనుషులు చదువుకోవడానికి మాత్రమే.

ఈ జ్ఞానం ఒకప్పుడు కొద్దిమందికే అవసరమయ్యేది. 1984 దాకా గ్రామం లెక్కంతా కరణం చేతిలో ఉండేది. ఇప్పుడు లెక్క రాసే చేతులు ఎన్నో రెట్లు పెరిగాయి. 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాక వ్యవసాయ సహాయకులు, సర్వేయర్లు, ఏఎన్ఎంలు, సంక్షేమ సహాయకులు, డిజిటల్ అసిస్టెంట్లు పొద్దున లేస్తే ఏదో ఒక యాప్‌లో ఏదో ఒక గడి నింపుతూనే ఉన్నారు. జగ్గయ్యపేట సిమెంటు కర్మాగారంలో, నందిగామ పత్తి మిల్లులో, మైలవరం ఆసుపత్రిలో పనిచేసే గుమాస్తాదీ అదే పని. వీళ్లకిచ్చే శిక్షణలో ఏ మీట నొక్కాలో చెబుతారు. నింపిన అంకె నిజమో కాదో ఎలా విచారించాలో చెప్పేవారు తక్కువ. నా దృష్టిలో డేటా నేర్పులన్నింటిలో మొదటిది ఆ విచారణే. మిగిలినవన్నీ దాని తర్వాతే.

ఈ మాటను లోకానికి చెప్పిన వారిలో అగ్రగణ్యుడు మన నందిగామలో చదువుకున్నవాడు. కల్యంపూడి రాధాకృష్ణారావు, లోకం సి.ఆర్.రావుగా ఎరిగిన గణాంక శాస్త్రవేత్త, 1920 సెప్టెంబరు 10న ఇప్పటి కర్ణాటకలోని హూవిన హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. తండ్రి పోలీసు శాఖ ఉద్యోగి. బదిలీల వెంట పిల్లవాడి చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం తిరిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1941లో కలకత్తాలోని భారత గణాంక సంస్థలో, దాని స్థాపకుడు మహలనోబిస్ దగ్గర చేరారు. 1945లో, పాతికేళ్లయినా నిండకముందు ప్రచురించిన ఒక్క పత్రంతో ఆయన పేరు పాఠ్యగ్రంథాల్లో శాశ్వతంగా నిలిచింది. చేతిలో ఉన్న డేటాను బట్టి ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో, దానికి దాటరాని హద్దు ఎక్కడుందో ఆ పత్రం తేల్చింది. దాన్ని క్రామెర్-రావు అసమానత అంటారు. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకుని, అదే ఏడాది ఆగస్టులో, నూట రెండేళ్ల వయసులో కన్నుమూశారు.

అంతటి గణితజ్ఞుడు సామాన్య పాఠకుల కోసం రాసిన ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ అనే పుస్తకంలో సూత్రాలకన్నా ముందు చెప్పిన మాట ఒకటుంది. న్యాయవాది సాక్షిని అడ్డుప్రశ్నలు వేసి విచారించినట్టు డేటాను విచారించాలన్నారు. దానికి ఆయన ఇచ్చిన ఉదాహరణ 1947 నాటిది. దేశ విభజన సమయంలో ఢిల్లీలో అల్లర్లు చెలరేగినప్పుడు వేలమంది ప్రాణభయంతో ఎర్రకోటలో తలదాచుకున్నారు. మరికొందరు హుమాయూన్ సమాధి దగ్గర చేరారు. వాళ్లకు తిండి పెట్టడం ప్రభుత్వ బాధ్యత. సరఫరా పని గుత్తేదార్లకిచ్చారు. లోపల ఎంతమంది ఉన్నారో ఎవరికీ తెలియదు. వెళ్లి లెక్కపెట్టే పరిస్థితీ లేదు. గుత్తేదారు ఇన్ని బస్తాల బియ్యం, ఇంత పప్పు, ఇంత ఉప్పు అని బిల్లు పెడితే ఖజానా చెల్లించవలసి వస్తోంది. ఖర్చు పెరిగిపోతుంటే గణాంక నిపుణులను పిలిపించారు. జె.ఎం.సేన్‌గుప్తా సూచించిన పద్ధతి చాలా సులువైనది. ఒక మనిషి రోజుకు ఎంత బియ్యం, ఎంత పప్పు, ఎంత ఉప్పు వాడతాడో వినియోగ సర్వేల వల్ల తెలుసు. బిల్లులోని బియ్యాన్ని తలసరి బియ్యంతో భాగిస్తే జనం లెక్క వస్తుంది. పప్పుతోనూ రావాలి, ఉప్పుతోనూ రావాలి. బిల్లు నిజమైతే మూడు జవాబులూ దగ్గరదగ్గరగా ఉండాలి.

అలా లేవు. బియ్యం లెక్కన వచ్చిన సంఖ్య అన్నిటికన్నా పెద్దది, ఉప్పు లెక్కన వచ్చింది అన్నిటికన్నా చిన్నది. బియ్యం ఖరీదైన సరుకు. అందులో పదిబస్తాలు ఎక్కువ రాసుకుంటే లాభం. ఉప్పు కారుచౌక; దాన్ని పెంచి రాసినా మిగిలేదేమీ లేదు కనుక ఆ అంకెను ఎవరూ ముట్టుకోలేదు. నిపుణులు ఉప్పు లెక్కనే తీసుకున్నారు. ఇదే పద్ధతితో హుమాయూన్ సమాధి దగ్గరి చిన్న శిబిరానికి అంచనా వేస్తే అసలు సంఖ్యకు బాగా దగ్గరగా వచ్చింది.

ఇందులో భాగహారానికి మించిన గణితం లేదు. ఉన్నది ఒక ప్రశ్న: ఈ అంకె పెరిగితే ఎవరికి మేలు, తగ్గితే ఎవరికి మేలు? ఆ ప్రశ్న వేసుకున్న తర్వాత, ఎవరికీ మేలు లేని అంకె ఎక్కడుందో వెతకడం. ఏ కార్యాలయంలోనైనా అటువంటి ఉప్పు లెక్క ఒకటి దొరుకుతుంది. ఒక గ్రామంలో పత్తి వేసిన విస్తీర్ణం అనుమానంగా ఉంటే ఆ చుట్టుపక్కల దుకాణాల్లో అమ్ముడైన విత్తన ప్యాకెట్ల లెక్క చూడవచ్చు. బడిలో భోజనం చేసిన పిల్లల సంఖ్య మీద సందేహం వస్తే గుడ్ల లెక్క, గ్యాసు లెక్క విడివిడిగా చూడవచ్చు. రెండు లెక్కలు పొసగకపోతే వెంటనే మోసమనుకోవడం కూడా తగదు. కొందరు పక్క ఊళ్లో విత్తనం కొని ఉండవచ్చు. అడ్డుప్రశ్న నిజం తెలుసుకోవడానికి వేసేది. దోషిని తేల్చడం వేరే పని.

పంట దిగుబడి లెక్కకు వద్దాం. వరి ఎకరాకు ఎంత పండిందన్న సంఖ్య బీమాకూ, కరువు ప్రకటనకూ ఆధారం. ఆ సంఖ్య పంట కోత ప్రయోగాల నుంచి వస్తుంది. గ్రామం, సర్వే నంబరు, మడి, మడిలో చోటు అన్నీ యాదృచ్ఛిక సంఖ్యల పట్టికను బట్టి తీయాలి. ఆ చోట అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పున తాడు కట్టి, లోపలి పైరు కోసి, నూర్చి, తూచాలి. అంటే ఇరవై అయిదు చదరపు మీటర్లు. హెక్టారుకు లెక్క కట్టాలంటే ఆ తూకాన్ని 400తో గుణించాలి. తూకంలో 100 గ్రాములు తేడా వస్తే హెక్టారుకు 40 కిలోలు తేడా. తాడు ఒక పక్క పది సెంటీమీటర్లు వదులైనా, గింజ తడి ఆరకముందే తూచినా, ఆ తప్పు నాలుగు వందల రెట్లై పైకి వెళుతుంది. ఇంకా పెద్ద ప్రమాదం చోటు ఎంపికలో ఉంది. పట్టిక చూపిన చోట పైరు పలచగా ఉందని, ఎండ ఎక్కువగా ఉందని, గట్టు పక్కనే బాగున్న మూల తీసుకుంటే ఇక ఎంత జాగ్రత్తగా తూచినా ఆ అంకె పొలాన్ని చెప్పదు. నమూనా సర్వేల్లో మహలనోబిస్ పర్యవేక్షణకు అంత ప్రాధాన్యం ఇవ్వడానికి కారణం ఇదే. ఒకే ప్రాంతానికి వేర్వేరు బృందాలను విడివిడిగా పంపి, వాళ్లు తెచ్చిన ఫలితాలను పక్కపక్కన పెట్టి పోల్చేవారు.

దిగుబడులను సగటు చేసేటప్పుడు జరిగే పొరపాటు కూడా ఇక్కడే చెప్పాలి. ఒక ఊళ్లో నూరెకరాల పత్తి ఎకరాకు పది క్వింటాళ్లు పండిందనుకుందాం. పక్క ఊళ్లో పదెకరాలు నాలుగేసి క్వింటాళ్లు పండింది. రెండూ కలిపి రెండుతో భాగిస్తే ఏడు. నిజానికి 110 ఎకరాల్లో పండింది 1,040 క్వింటాళ్లు. సగటు తొమ్మిదిన్నరకు దగ్గర. సగటుల సగటు తీయడం కార్యాలయాల్లో రోజూ కనబడే తప్పు.

ఇప్పుడు రైతులందరికీ తెలిసిన ఈ-పంట నమోదు చూద్దాం. పెట్టుబడి రాయితీ, పంటల బీమా, మద్దతు ధరకు కొనుగోలు, అన్నిటికీ ఇదే మూలం. వ్యవసాయ సహాయకుడో ఉద్యాన సహాయకుడో పొలానికి వెళ్లి సర్వే నంబరు, పంట, రకం, విస్తీర్ణం రాసి, అక్షాంశ రేఖాంశాలతో ఫొటో తీస్తాడు. రైతు వేలిముద్రతో ఈ-కేవైసీ పూర్తి చేస్తాడు. ఆపైన జాబితాను రైతు సేవా కేంద్రంలో ప్రదర్శిస్తారు. దాన్ని సామాజిక తనిఖీ అంటారు. పద్ధతిగా చూస్తే మంచి ఏర్పాటే. ఒకే సంగతికి నాలుగు సాక్ష్యాలున్నాయి.

అయితే ఫొటో చెప్పలేనిది ఒకటుంది. ఆ పొలంలో పంట ఉందని అది చెబుతుంది. పంట ఎవరిదో చెప్పదు. మైలవరం, రెడ్డిగూడెం వైపు మామిడి తోటల్లో చెట్లు ఒకరివి, ఆ ఏటి కాపు గుత్తకు తీసుకున్నది ఇంకొకరు. నందిగామ, వత్సవాయి వైపు మిర్చిలో, పత్తిలో కౌలు సాగు చాలా ఎక్కువ. యాప్‌లో రైతు పేరు రాసే గడి ఉంటుంది. భూమి గల వాడి పేరు అడంగల్‌లో సిద్ధంగా దొరుకుతుంది కాబట్టి ఆ గడిలోకి అది సులువుగా వచ్చి చేరుతుంది. కౌలుదారుగా అధికారిక గుర్తింపు రావాలంటే సాగుదారు హక్కు పత్రం కావాలి. 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం ప్రకారం ఆ పత్రానికి భూయజమాని ఒప్పుకోలు కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని జంకుతాడు. ఫలితంగా వాన కొట్టి పంట పోయినప్పుడు నష్టం ఒకరిది, పేరు ఇంకొకరిది అవుతుంది. ఇందులో సహాయకుడు అబద్ధం రాయలేదు. గడి అడిగిన దానికి జవాబు రాశాడు. గడి సరైన ప్రశ్న అడగలేదు. ఒక ఫారం తయారుచేసేటప్పుడే, ఈ గడిలో ఇద్దరు మనుషులు ఇరుక్కుంటారా అని ఆలోచించగలగడం డేటా నేర్పుల్లో చాలా అరుదైనది, చాలా విలువైనది. ఈ ఒక్క గడి వల్ల కౌలు రైతులు పడుతున్న బాధ తక్కువది కాదు.

యంత్రం చేసే చిలిపి మార్పులు వేరే రకం. సర్వే నంబర్లు 12/3, 7/2 అని ఉంటాయి. వాటిని ఎక్సెల్‌లో టైపు చేయగానే 12 మార్చి, 7 ఫిబ్రవరి అయిపోతాయి. తేదీగా చదవడానికి వీల్లేనివి మాత్రం అలాగే ఉంటాయి కనుక పైపైన చూస్తే తెలియదు. ఈ బాధ ప్రపంచమంతా ఉంది. జన్యువుల పేర్లలో మార్చ్1, సెప్ట్1 వంటివి ఇలాగే తేదీలైపోతుంటే, శాస్త్రవేత్తలు 2020లో ఏకంగా ఆ జన్యువుల పేర్లే మార్చుకున్నారు. సర్వే నంబర్లను మనం మార్చుకోలేం; టైపు చేయకముందే ఆ వరుసను ‘టెక్స్ట్’గా పెట్టుకోవాలి. బ్యాంకు ఖాతా సంఖ్యలకూ అంతే. ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. పదిహేను అంకెలు దాటితే ఆ పై అంకెలు సున్నాలైపోతాయి. ఖాతా సంఖ్యతో కూడిక, తీసివేత ఎవరూ చేయరు కనుక దాన్ని అంకెగా కాక పేరుగానే చూడాలి. సరిగ్గా రాసిన వివరమైనా కాలం గడిస్తే పాతబడుతుంది. మచిలీపట్నంలో 1923లో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఆ తర్వాత శాఖల ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు మారాయి. పాత జాబితాలో ఒక్క తప్పూ లేదు, అయినా అది పనికిరాదు. ప్రతి జాబితా మీద అది ఏ తేదీ నాటిదో రాసి ఉండాలి.

జిల్లాల పేర్లలోనూ కాలం ఉంది. గుంటూరు 1904లో, పశ్చిమ గోదావరి 1925లో కృష్ణా నుంచి విడిపోయాయి. 2022 ఏప్రిల్ 4న మైలవరం, నందిగామ, జగ్గయ్యపేట, విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి. నూజివీడు, కైకలూరు ప్రాంతాలు ఏలూరు జిల్లాలో చేరాయి. ‘కృష్ణా జిల్లాలో మిర్చి విస్తీర్ణం పడిపోయింది’ అని 2021, 2023 అంకెలు పక్కన పెట్టి ఎవరైనా రాస్తే, పడిపోయింది మిర్చి కాదు, సరిహద్దు మారింది. మండలాల వారీగా విడదీసి మళ్లీ కూడితే తప్ప పోలిక చెల్లదు.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వాన ఈ ప్రాంతం మరచిపోయేది కాదు. మైలవరం కొండల నుంచి దిగిన బుడమేరు వెలగలేరు రెగ్యులేటర్ దాటి విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.4 లక్షల క్యూసెక్కులకు చేరింది. ఈ అంకెలను వాడేవారికి రెండు సంగతులు తెలిసి ఉండాలి. వాతావరణ శాఖ లెక్కలో వానదినం ఉదయం 8.30 నుంచి మర్నాడు ఉదయం 8.30 దాకా. 31 రాత్రి కురిసిన వాన సెప్టెంబరు 1 తేదీ కింద కనిపిస్తుంది. ఇది తెలియక వాన తేదీని, ఏటి ప్రవాహ తేదీని పక్కపక్కన పెడితే, వాన పడిన రోజే వరద వచ్చినట్టో, ఇంకా విచిత్రంగా వానకన్నా ముందే వచ్చినట్టో తేలుతుంది. రెండోది, క్యూసెక్కు సెకనుకు ఎంత నీరు పారుతోందో చెప్పే కొలత, టీఎంసీ నిల్వను చెప్పే కొలత. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. ఆ లెక్కన సెప్టెంబరు 2 నాటి ప్రవాహం అదే జోరున సాగితే, జగ్గయ్యపేటకు చేరువలోని 45.77 టీఎంసీల పులిచింతల ఖాళీగా ఉన్నా పదకొండు గంటల్లో నిండిపోతుంది. ఇలా ఒక అంకెను తెలిసిన వస్తువుతో కొలిచి చూడగలిగితే దాని తీవ్రత పై అధికారికి క్షణంలో అర్థమవుతుంది.

వాన నమోదులో ఖాళీ గడి ఇంకో పరీక్ష. వాన పడలేదంటే సున్నా రాయాలి. కొలవలేదంటే ఖాళీ వదిలి, కొలవలేదని రాయాలి. సిబ్బంది సెలవులో ఉన్న రోజు సున్నా రాసేస్తే ఆ ఊళ్లో లేని కరువు పుడుతుంది. వరద తర్వాత ఇళ్ల నష్టం నమోదులో కూడా ఒక్క గడి విలువ ఎంతో జనం చూశారు. నేల అంతస్తు మునిగితే 25 వేలు, పై అంతస్తు వారికి 10 వేలు అని ప్రభుత్వం ప్రకటించింది. ‘అంతస్తు’ అన్న గడిలో ఒక్క మాట తారుమారైతే కుటుంబానికి పదిహేను వేలు తేడా.

ఎన్టీఆర్ జిల్లాలోని ఎ.కొండూరు తండాల్లో మూత్రపిండాల జబ్బు ఏళ్లుగా పీడిస్తోంది. ఆ బాధ మధ్య అంకెల గురించి మాట్లాడటం కఠినంగా అనిపించవచ్చు. అయినా అక్కడే అంకెలు అత్యంత శ్రద్ధగా ఉండాలి. ఒక నెల వైద్య శిబిరం పెడితే రోగుల సంఖ్య పెరుగుతుంది. జబ్బు పెరిగిందా, పరీక్షలు పెరిగాయా? ఎంతమందిలో జబ్బు బయటపడిందన్నది రాసేటప్పుడు ఎంతమందిని పరీక్షిస్తే అన్నది పక్కనే రాయకపోతే జవాబు రాదు. నీటి నమూనా తీసుకుంటే ఏ బోరు, ఎంత లోతు, ఏ నెల అన్నవి సీసా మీద ఉండాలి. జబ్బు ఉన్న ఊళ్లో నీటిలో ఏదో లవణం ఎక్కువగా కనబడితే అదే కారణమని తీర్పు చెప్పేయకూడదు. అదే లవణం అంతే ఉండి జబ్బు లేని ఊళ్లనూ చూడాలి.

జగ్గయ్యపేట బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ పరిశోధించినప్పుడు దొరికిన శాసనాన్ని, వివరం నిండుగా రాయడం గురించి చెప్పేటప్పుడు నేను తలచుకోకుండా ఉండలేను. క్రీస్తుశకం మూడో శతాబ్దపు ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరంలో వేయించినది. సిద్ధార్థుడనే శిల్పి తూర్పు ద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాలు నిలిపానని చెక్కించాడు. ఏ రాజు, ఎన్నో ఏడు, ఏ ఋతువు, ఎన్నో పక్షం, ఎన్నో రోజు, తాను ఎవరి కొడుకు, ఏ ఊరివాడు, తన వాళ్లెవరు, ఏమి ఇచ్చాడు, ఎక్కడ పెట్టాడు, అన్నీ అందులో ఉన్నాయి. పదిహేడు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ వివరం వాడుకోగలుగుతున్నామంటే ఆ నిండుదనమే కారణం. తేదీ లేని, రాసినవారి పేరు లేని, కొలత ఏమిటో చెప్పని మన ఎక్సెల్ ఫైళ్లు ఆరు నెలలు తిరగకుండానే అర్థం కాకుండా పోతున్నాయి.

ఇంత సమాచారం సేకరించే వారికి దాన్ని కాపాడే బాధ్యత కూడా ఉంది. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. చట్టం మాట అటుంచినా, రైతుల ఆధార్ నంబర్లు, ఖాతా సంఖ్యలున్న జాబితాను వాట్సాప్ గ్రూపులో పెట్టడం తప్పు. పనికి కావలసిన గడులు మాత్రమే ఉంచి, మిగతావి తీసేసి పంపడం రెండు నిమిషాల పని.

సచివాలయ సిబ్బందికి శిక్షణ ఇచ్చేవారికి నా విన్నపం ఒకటే. యాప్ వాడకం నేర్పే రోజున ఒక గంట ఆపి, ఎర్రకోట ఉప్పు లెక్క చెప్పండి. చెప్పినాయన చిన్నప్పుడు నందిగామలో చదువుకున్నాడని కూడా చెప్పండి. ఆ తర్వాత వాళ్ల సొంత గ్రామం డేటానే ముందుపెట్టి, ఇందులో ఉప్పు ఏదో వెతకమనండి. ఫారాలు తయారుచేసే అధికారులు ప్రతి ఫారంలో ‘రిమార్కులు’ గడి ఉంచి, అందులో రాసింది చదివే మనిషిని నియమించాలి. ఇక రైతు సోదరులకు: ఈ-పంట జాబితా రైతు సేవా కేంద్రంలో పెట్టినప్పుడు వెళ్లి మీ సర్వే నంబరు, పంట, విస్తీర్ణం, పేరు సరిచూసుకోండి. తప్పుంటే గడువులోగా రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకోండి.